ఖాళీలో ఒక్కటి

పెరట్లో తెల్లగోడ ముందు, వాళ్ల నాన్న ఫోను పట్టుకుని మనవరాలు కంగారుగా అటూ ఇటూ వెతుకుతోంది. బడి పోటీకి ఫొటో పంపడానికి ఇంకో అరగంటే గడువుంది. బట్టల తీగ మీద తను ఒంటరిగా ఉంచిన ఎర్ర క్లిప్పు కనిపించడం లేదు.

“అమ్మమ్మా, ఇక్కడి క్లిప్పేదీ?”

“తీసేశానే. ఫొటో అంతా ఖాళీగా ఉండాలన్నావుగా!”

“ఖాళీలో ఒక్కటి ఉండాలి. చూడగానే కన్ను దాని మీదే పడాలి.”

“ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! ఇదిగో, పెట్టేస్తున్నా.”

“ఎండ పోయింది. ఇప్పుడు దాని నీడ గోడ మీద పడదు.”

“పోనీ, నన్ను తియ్యి. నేనూ ఒక్కదాన్నేగా?”

“ఫొటో అనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావుగా నువ్వు!”

“మరి? నోరంతటికీ మిగిలింది ఒక్క పన్ను. అది ఊరంతా చూడాలా?”

మనవరాలి కళ్లు ఆ పన్ను మీదే ఆగాయి. అడగడానికి సిగ్గేసి, తల దించుకుని నవ్వుకుంది.

“ఏమిటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు? ఖాళీలో ఒక్కటి... ఓసి దొంగపిల్లా!”

“నీకిష్టం లేకపోతే వద్దులే, అమ్మమ్మా.”

అమ్మమ్మ గోడకు ఆనుకుని నిలబడి, అలవాటుగా నోటి మీదికి వెళ్లిన చెయ్యి తీసేసింది.

“త్వరగా కానియ్యవే. ఇదీ ఊగుతోంది.”