మూడోనాడే తీసిన ఫిల్ము

అలెగ్జాండ్రియా ల్యాబులో పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ పారేసి, ముసలి టెక్నీషియన్ ఒక్కటి మాత్రం సంచిలో పెట్టుకున్నాడు. పరిశోధక విద్యార్థిని దాన్ని లాక్కుంది.

"మామా, గీతల మధ్య ఈ ఖాళీ ఏంటి?"

"డీఎన్‌ఏని ప్రోటీన్ పట్టుకున్న చోటమ్మా. అక్కడ ఎంజైమ్ కోయలేదు, గీత పడలేదు."

"ఒక్కటేనా? ఈ ల్యాబు నడిపిన మేడమ్ అప్పట్లో రెండని అచ్చేశారుగా! నా మెషీనూ ఒక్కటే అంటోంది. రేపు థీసిస్ పరీక్షలో నన్నెవరు నమ్ముతారు?"

"డీఎన్‌ఏ రేడియేషన్‌కి గీతలన్నీ తేలాలంటే ఫిల్ము ఫ్రీజర్లో పది రోజులుండాలి. రంజాన్ పండక్కి ఊరెళ్లే తొందరలో మూడోనాడే తీసిచ్చాను. సరిగా తేలని లేత గీతను మేడమ్ రెండో ఖాళీ అనుకున్నారు పాపం. డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద ఎంత మురిసిపోయారో! పండగయ్యాక ఇంకో ఫిల్ము పది రోజులూ ఉంచి తీస్తే ఇదీ."

"ఆవిడకి చెప్పలేదా?"

"లేదు. వారం ఆదా చేసుకుని ఆ తప్పు ముప్పై ఏళ్లు మోశాను. రేపు పరీక్షలో పట్టుకెళ్లి చూపించు. మేడమ్ బతికుంటే ముందు నన్ను తిట్టి, తర్వాత నీకు మార్కులేసేవారు."