మామ లాగిన కడ్డీ

ఎవరి దగ్గరా నోరు విప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మా మామ టీకొట్టు బల్ల మీద కూర్చుని కోసే కోతలంటే నాకు ప్రాణం. ఆ కోతల్లో ఆయన చేశానని చెప్పుకునే పనులన్నీ నేను చేసినవి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రోజంతా ఒకే గదిలో పక్కపక్కన పనిచేస్తూ కూడా మేమిద్దరం ఆ ఊసు ఒక్కసారి ఎత్తలేదు. దొంగతనం జరిగిన ఇంట్లో దొంగ, ఇంటివాళ్ళు కలిసి భోంచేస్తున్నట్టు ఉంటుందేమో అనుకునేరు. అలా ఎప్పుడూ లేదు.

పనేమిటంటే గోల్ఫ్ కర్రలు వంచడం. మామ అంటే నన్ను పెంచిన మేనమామ. ఆయనది సైకిళ్ళ రిపేరు కొట్టు, మా ఇంటి ముందు గదే ఆ కొట్టు. రోడ్డు చివర గోల్ఫ్ నేర్పే మైదానం ఉంది. ఒకసారి ఎవరో సైకిలుకి పంక్చర్ వేయించుకోడానికి ఆగి, భుజాన ఉన్న సంచిలోంచి ఒక కర్ర తీసి, దీని మెడ కాస్త వంచగలరా అని అడిగాడు. మామ ఓ, దానికేం భాగ్యం అనేశాడు. రాదు, చేతకాదు అనడం ఆయన జాతకంలో లేదు. ఆ సాయంత్రమే నేను ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను.

గోల్ఫ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కర్ర అడుగున ఇనుప తల ఉంటుంది, తల కర్రకి అతికే చోటు మెడ. దాని ముఖం ఎంత వెనక్కి వాలితే బంతి అంత పైకి లేస్తుంది, దాన్ని లాఫ్ట్ అంటారు. తల నేలకి ఆనినప్పుడు కర్ర ఎంత ఏటవాలుగా నిలుస్తుందో అది లై. మనిషి పొడుగుని బట్టి, నిలబడే తీరుని బట్టి ఈ రెండింటినీ ఒకటి రెండు డిగ్రీలు సర్దాలి. తలని వైస్‌లో, అంటే బల్లకి బిగించిన ఇనుప పట్టులో బిగించి, మెడకి పొడుగాటి కడ్డీ తగిలించి లాగాలి. కొలవడానికి నా దగ్గర మొదట్లో ఉన్నది బడి పెట్టెలోని కోణమానిని. పాతసామాన్ల వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చిన కర్రల మీద సాధన చేశాను. పోత పోసిన తలలు వంగవు, మొండికేసి టప్పున విరుగుతాయి. సాగగొట్టిన మెత్తని ఇనుము వంగుతుంది. ఈ తేడా నాకు ఏ గురువూ చెప్పలేదు, విరిగినవే చెప్పాయి.

పని వచ్చాక కూడా చిక్కు తీరలేదు. ఎవరు చేస్తారండీ అని అడిగితే మామ నన్ను చూపించేవాడు. ఆడపిల్లా అన్నట్టు చూసేవాళ్ళు, కర్ర మళ్ళీ సంచిలోకి దూరిపోయేది. నాలుగైదుసార్లు అలా అయ్యాక, ఎవరు చేస్తారండీ అంటే మామ "నేనే" అన్నాడు. కర్ర బల్ల మీదకొచ్చింది. ఆ రోజునుంచి ఆయన నోరు, నా చేతులు. పని కుప్పలుగా వచ్చింది.

ఈ వారం చిక్కు వేరు. మైదానంలో ఆడపిల్లలకి నేర్పే కోచ్ మేడమ్ మామకి ఫోన్ చేసింది. మేం ఆవిడని చూడలేదు, పిల్లల కర్రలు మనిషిచేత పంపించేది. "మీరు సర్దాక మా పిల్లల దెబ్బే మారిపోయింది. ఇక్కడే మీకు ఒక బల్ల వేయిస్తాను, వచ్చి పనిచేయండి. గురువారం సాయంత్రం లోపల ఏ సంగతో చెప్పండి, లేకపోతే ఇంకొకరిని చూసుకోవాలి," అంది. స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. సొంత బల్ల, మంచి కొలత పరికరాలు, రోజూ చేతినిండా కర్రలు. కానీ మామ వెళ్తే మొదటి కర్రకే దొరికిపోతాడు. నేను వెళ్తే టీకొట్టు దగ్గర ఆయన పరువు గంగలో కలుస్తుంది. ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. గురువారం రానే వచ్చింది, పొద్దు వాలుతోంది, మేమిద్దరం ఏమీ ఎరగనట్టు టీకి వెళ్ళాం.

కొట్టు నడిపే టీ అక్క గ్లాసులు సర్దుతోంది. మెడలో టేపుతోనే టైలరు వచ్చి కూర్చున్నాడు. డ్యూటీ దిగిన బస్సు డ్రైవరు చెప్పులు విప్పి కాళ్ళు చాపుకున్నాడు.

"ఏంటి బావా, పొద్దస్తమానం మీ కొట్లోంచి టంగు టంగుమని ఒకటే చప్పుడు," అన్నాడు టైలరు.

"చిన్న పనిలే," అన్నాడు మామ.

చిన్న పనిలే అన్నాడంటే టీ అక్క రెండో విడత పాలు పొయ్యి మీద పెట్టేస్తుంది.

"ఒకాయన వచ్చాడు. ఏం కొట్టినా బంతి ఎడమకే పోతోందట, ఎంత కుడికి చూసి కొట్టినా ఎడమకే, పుట్టింటి దారి పట్టిన పెళ్ళాంలాగా. నిలబడే తీరు మార్చాడట, పట్టు మార్చాడట, ఆఖరికి బూట్లు కూడా మార్చాడట. నేను ఆయన మొహం చూళ్ళేదు, కర్ర అడుగు చూశాను. మడమ పక్కన, అంటే మెడ ఉన్న కొసన అరిగిపోయి ఉంది, వేళ్ళ పక్కన, అంటే అవతలి కొసన కొత్తదానిలా మెరుస్తోంది. అంటే ఏమిటన్నమాట? కర్ర మరీ నిటారుగా ఉంది, మడమ నేలకి గుచ్చుకుంటోంది, దాంతో మొహం ఎడమకి తిరుగుతోంది. డిగ్రీన్నర పడుకోబెడితే సరి. రోగం మనిషిలో లేదయ్యా, మెడలో ఉంది అన్నాను."

"మెడలు వంచడమేగా, మా ఆవిడ ఏ వైసూ లేకుండానే వంచుతుంది," అన్నాడు డ్రైవరు.

"ఆవిడ చేతిలో ఉన్నది మెత్తని ఇనుము. అందరికీ కుదరదు. ముందు రాగి రేకు చుట్టాలి, వైస్ పళ్ళు పడకుండా. కడ్డీ తగిలించి, ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, లాగీ లాగనట్టు లాగాలి. ఎక్కువైతే మళ్ళీ వెనక్కి తేవాలి, అలా అటూ ఇటూ ఆడించామంటే ఇనుముకి విసుగొస్తుంది, పుటుక్కుమంటుంది. లాగాక గోటితో ఒక్కటి తట్టి చెవి ఆనించాలి. గంటలా పలికిందా, క్షేమం. డబ్బాలా పలికిందా, లోపల పగులు ఉన్నట్టు."

నా చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ కన్ను మూస్తానని నాకే తెలియదు. గోటితో తట్టి వినడం ఏ వీడియోలోనూ లేదు, అది నేను కల్పించుకున్న అలవాటు, ఎవరైనా చూస్తే నవ్వుతారని వీపు అటు తిప్పి చేస్తాను. మూలన ట్యూబులకి అతుకులు వేసుకుంటున్నట్టే ఉండేవాడు మామ. ఇంతకాలం ఇంత దగ్గరగా చూశాడన్నమాట. మొహం మీద ఒక్కసారి కూడా బాగుందే కోడలా అనలేదు. అనాల్సిందంతా ఇక్కడికి తెచ్చి, "నేను" అన్న మాట తగిలించి, నలుగురి ముందు ఒలకబోస్తున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన మైదానానికెళ్ళి కొట్టాడు. బంతి తిన్నగా పోయి, గురి కోసం పాతిన జెండా కర్రకి టంగుమని తగిలింది. ఇంకోటి కొట్టాడు, అక్కడే. ఇంకోటి, అక్కడే. జెండా కర్రకి సొట్ట పడిందని మైదానంవాళ్ళు దాన్ని తీసి దూరంగా పాతారు. బంతి కాసేపు గాల్లో ఆగి, అటూ ఇటూ చూసి, దాని దగ్గరికే పోయింది. ఇలా కాదని జెండాని పీకి సామాన్ల గదిలో పెట్టి తలుపేశారు. బంతి వెళ్ళి తలుపు తట్టింది."

"తీశారా అన్నయ్యా?" అంది టీ అక్క.

"తీయక ఎలాగమ్మా, అంత దూరం వచ్చింది కదా."

టైలరు నవ్వలేదు. మామనే చూస్తున్నాడు, గుడ్డ కొనేముందు వెలుగులో పట్టి చూసినట్టు.

"అది విని ఇంకొకావిడ వచ్చింది. ఆవిడ బంతి లేవదు. నేలబారుగా పాకుతుంది, వంటింట్లో బొద్దింకలా. ముఖం రెండు డిగ్రీలు వెనక్కి వెల్లకిలా వేశాను, అంతే, అంతకంటే ముట్టుకోలేదు. ఆవిడ కొట్టింది. బంతి లేచింది. లేస్తోంది. మేం టీ తాగాం. గ్లాసులు కడిగిచ్చాం. ఆవిడ ఇంటికెళ్ళి వంట చేసుకుని, పిల్లల్ని బడినుంచి తెచ్చుకుని వచ్చింది. ఇంకా దిగలేదు. మర్నాడు దిగింది, నిలువునా తడిసిపోయి. మబ్బులో ఇరుక్కుందట పాపం. అది లాక్కుని బయటపడేసరికి మబ్బుకి చిల్లు పడింది. మంగళవారం వాన పడిందా లేదా?"

"పడింది," అన్నాడు డ్రైవరు.

"మరి?"

రోడ్డవతల ఇళ్ళ గోడల మీద ఎండ పచ్చబడుతోంది. మామ చొక్కా జేబులో ఫోన్ అంచు కనబడుతోంది. ఆయన ఒకసారి దాన్ని తడుముకుని, కోత ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"ఇక నీళ్ళ ట్యాంకు సంగతి. ఒక పక్కకి ఒరిగిందని ఇంజనీర్లు ముగ్గురు మా గుమ్మంలో నిలబడ్డారు. పడగొట్టాలా అని అడిగారు. ఇంత దానికి పడగొట్టడమెందుకయ్యా, అది కూడా ఒక తల, ఒక మెడే కదా అన్నాను. మెడకి రాగి రేకు చుట్టాను. ఎంత పట్టిందో చెప్పను, రాగి ధర ఎందుకు పెరిగిందని అనుకుంటున్నారు మీరంతా? కడ్డీ తగిలించి లాగాను. గోటితో తట్టాను. గంటలా పలికింది. కింద వీధిలోవాళ్ళు బడి వదిలారనుకుని పిల్లల కోసం బయల్దేరారు."

"నీళ్ళు ఒలకలేదా?" అన్నాడు డ్రైవరు, ఈసారి ముందుకు వంగి.

"ఒక్క చుక్క. అది కూడా నా అజాగ్రత్త, తుమ్మొచ్చింది."

టీ అక్క నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. నాకు లోపల ఎక్కడో ఉబ్బిపోతోంది. అబద్ధమని తెలుసు. అయినా ఆ ట్యాంకు మెడ ఎక్కడ పట్టుకుంటే వంగుతుందో నా బుర్ర అప్పటికే లెక్క వేస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది బయట అనకండి. భూమి కూడా ఒరిగే కదా తిరుగుతోంది, ఇరవైమూడున్నర డిగ్రీలని బళ్ళో చెప్పారు. శాస్త్రవేత్తలు ఫోన్ చేశారు. ఎండలు మరీ మండిపోతున్నాయండీ, అర డిగ్రీ సర్దిపెడతారా అని. నేను ఒకటే అడిగాను. పోత పోసిందా, సాగగొట్టిందా? వాళ్ళకి తెలీదు. అంత చదువుకుని అది తెలీదు. పోతదైతే నేను ముట్టుకోనన్నాను, పుటుక్కుమంటే రేపు మీరు నిలబడేదెక్కడ? వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకుని, లోపల ఇంకా వేడిగా, మెత్తగానే ఉందండీ అన్నారు. అయితే వంగుతుంది పదండి అన్నాను."

"వైస్ ఎక్కడ దొరికింది అన్నయ్యా అంతది?"

"రెండు కొండల మధ్య బిగించానమ్మా. ఉత్తరపు కొస దగ్గర కడ్డీ తగిలించాను. ఎడమ కన్ను మూశాను. ఊపిరి బిగబట్టాను. ఇదుగో, ఇలా లాగాను. నిన్న పొద్దున్న నీ గిన్నెలో పాలు ఒక పక్కకి పొంగాయా లేదా?"

"పొంగాయి."

"అదే. అప్పుడే."

డ్రైవరు చప్పట్లు కొట్టబోయి, చేతులు గాల్లో ఉంచి టైలరు వైపు చూశాడు. టైలరు మెడలోని టేపుని మెల్లగా చుట్ట చుడుతున్నాడు.

"ఏ చేత్తో లాగావు బావా?"

"కుడి చేత్తోనే. భూమిని ఎడమ చేత్తో లాగుతారా ఎవరైనా?"

"అది కాదు. మొన్న చొక్కా కొలతలకి వచ్చావు కదా. చంక కొలుద్దాం, చెయ్యెత్తు బావా అన్నాను. కుడి చెయ్యి నడుం దాటి లేవలేదు. నిచ్చెన మీంచి పడ్డప్పటినుంచి ఇంతేరా అన్నావు. కిందనుంచే అందాజుగా కొలిచాను. భూమి సంగతి వదిలెయ్, అది పెద్ద పని, ఎవరో పట్టుకుని ఉంటారు. మొట్టమొదటాయన కర్ర ఉంది చూడు, డిగ్రీన్నర. అది ఎవరు లాగారు?"

మామ గ్లాసు ఎత్తి తాగాడు, అందులో ఏమీ లేదు. ముగ్గురూ నన్ను చూశారు.

ఒక్క మాట చాలు ఆయన్ని కాపాడటానికి. ఎడమ చేత్తోనే లాగుతాడండీ, మీకు తెలీదు గానీ ఆయన ఎడమ చెయ్యి వైస్ కన్నా గట్టిది అంటే సరిపోయేది. ఆయన దగ్గర పెరిగిన పిల్లని, అంతమాత్రం అల్లలేనా. మాట నాలుక మీదకొచ్చేసింది కూడా.

"పిల్లనెందుకు చూస్తారు," అన్నాడు మామ. గ్లాసు కింద పెట్టి, తుండుతో మూతి తుడుచుకున్నాడు. "భూమి వరకు నేనే లాగాను. అందులో అనుమానం లేదు. కర్రలు మాత్రం మా కోడలివి. మొదటి కర్రనుంచి అన్నీ. నేను పక్కన కూర్చుని చూశాను, అంతే."

ముందు డ్రైవరు నవ్వాడు, తర్వాత టైలరు. వెక్కిరింపు నవ్వు కాదు. ఆ పెద్దాయనకి భూమిని వదిలేసి కర్రలు మాత్రం తీసుకున్న నవ్వు.

"ఒప్పుకున్నాం బావా," అన్నాడు టైలరు. "భూమి నీదే. దానికి సాక్షులు లేరు కాబట్టి నీదే." తర్వాత నా వైపు తిరిగి, నా భుజాల్ని తన టేపు కళ్ళతో ఒకసారి కొలిచాడు. "చేతులు చూస్తే నమ్మబుద్ధేస్తోంది. ఎడమ కన్ను మూస్తావా అమ్మాయ్ నిజంగానే?"

"మూస్తానట," అన్నాను.

టీ అక్క మామ గ్లాసు మళ్ళీ నింపింది. కుడివైపు పెట్టబోయి, ఎడమవైపు పెట్టింది. ఆయన పరువు ఎక్కడికీ పోలేదు. ఇంతకాలం నేను కాపలా కాసినదాన్ని ఆయనే మూడు ముక్కల్లో బల్ల మీద పెట్టేసి, టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. డ్రైవరు అప్పటికే, అయితే సముద్రం ఎందుకు ఒలకలేదు చెప్పు అని పట్టుకున్నాడు. మామ గొంతు సవరించుకున్నాడు.

వైస్ దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టగలదాన్ని, ఒక మనిషితో మాట్లాడటానికి ఇన్ని రోజులు బిగబట్టుకున్నాను. కోచ్ మేడమ్ ఏమంటుందో తెలియదు. మగాడనుకునే బల్ల వేయిస్తానని ఉండొచ్చు. అడిగితే కదా తెలిసేది.

మామ నా వైపు చూడకుండానే జేబులోంచి ఫోన్ తీసి, నాకూ ఆయనకీ మధ్య బల్ల మీద పెట్టాడు. నాకు అది అక్కర్లేదు, ఆ నంబరు నా ఫోన్‌లో ఎప్పటినుంచో ఉంది. లేచి చెప్పులు వేసుకున్నాను. గోడల మీద ఎండ ఇంకా కొంచెం మిగిలే ఉంది. కోచ్ మేడమ్‌కి నేనే ఫోన్ చేస్తాను, ఇప్పుడే.