అక్క కుట్టుమిషను

పాత కుట్టుమిషన్లు పోగేసేవాళ్ళంతా తమ మిషన్లను ఫోటోలతో సహా ఎక్కించుకునే సైటు ఒకటుంది. అందులో ‘సూదీదారం’గా తండ్రికి పెద్ద పేరు. తప్పుడు నమోదులు తీసేసే పని కూతురిది. సెలవురోజు పొద్దున్నే తండ్రి గొంతు వీధిలోకి వినిపిస్తోంది, తల్లి ఓ పక్కన బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

“తీసేశావా? నా మిషను, నా పేజీలోంచి, నన్నొక్క మాట అడక్కుండా తీసేశావా?”

“నాన్నా, అరవకు. ఎవరో కొత్త మెంబరు నుంచి ఫిర్యాదు వచ్చింది. వస్తే తేలేదాకా పక్కన పెట్టాలి. ఎవరిదైనా అంతే.”

“ఎవరిదైనానా? నేను ఎవరో ఒకణ్ణా? సొంత కూతురే పరువు బజారున పడేస్తే ఇంకెవర్ని అనాలి! చూడు, చూడు ఈ కామెంట్లు. ‘సూదీదారం గారూ, మీది కూడా దొంగసొత్తేనా?’ అట. నిన్నటిదాకా గురువుగారూ అన్న వెధవ!”

“మిషను ఫోటో కింద నువ్వేం రాశావు? ‘మా అమ్మగారి మిషను, వారసత్వంగా నాకు వచ్చింది.’ అవునా?”

“అవును.”

“అది అత్తయ్యది కదా?”

“ఎవరు చెప్పారు?”

“మిషనే చెప్పింది. ఫిర్యాదుతోపాటు ఫోటో పెట్టారు, తిరగేసి తీసింది. అడుగున అత్తయ్య పేరుంది, సూదితో గీకి.”

“పిల్లలు గోడల మీద కూడా గీకుతారు. గోడ వాళ్ళదైపోతుందా?”

“పేరు పక్కన ‘నా మొదటి జీతంతో’ అని కూడా ఉంది నాన్నా.”

“అది... అది ఎప్పుడు గీకిందో ఏమో. ఆగు. ఆగాగు. తిరగేసి తీసిన ఫోటో అన్నావు. మిషను నా గదిలో ఉంటే అడుగు ఎవడు తీశాడు? ఇలా తే. ఇది మన గచ్చు! మన ఇంటి గచ్చే! అంటే నువ్వే తీశావు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!”

“ఆ సామెత మీ నోటి నుంచే రావాలి మరి.”

“నువ్వు మధ్యలో దూరకే. నీకేం తెలుసు ఈ ఆన్‌లైను సంగతులు? నీ ఇస్త్రీ నువ్వు చూసుకో.”

“ఫోటో తీసింది నేను. ఫిర్యాదు పెట్టిందీ నేనే.”

“నువ్వా?”

“అమ్మా! ఆ కొత్త మెంబరు నువ్వా?”

“నేనే. ఎవరైనా ఒకరు అడగాలిగా.”

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! ఇదే!”

“ఎవరు తిన్నారండీ? ‘నూనె పట్టించి తెస్తానక్కా’ అని తెచ్చుకున్నారు, నా ఎదురుగానే. ఆవిడ అడగడానికి వచ్చినప్పుడల్లా ఏం చెప్పారు? పార్టు దొరకలేదు. మెకానిక్కు ఊళ్ళో లేడు. ఆఖరికి, గది తాళంచెవి కనబడటం లేదు. ఆ మిషను మీద బతికే మనిషి, ఎవరి కొట్లోనో మూల కూచుని చేత్తో హుక్కులు కుట్టుకుంటూ బతికింది. ఆవిడ గుమ్మంలోకి వస్తే నాకు తల కొట్టేసినట్టుండేది!”

“అలాంటి మిషను ఇప్పుడెక్కడుందే? విలువ తెలిసినవాడి దగ్గర ఉండాలి అలాంటివి. తుడిచి, చక్రం బిగించి...”

“తుడిచింది నేను. అసలు మీరు ఆ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయింది? పొద్దస్తమానం ఫోనులో బొమ్మ చూసుకుని మురవడమేగా. ఎంతమంది మెచ్చుకున్నారు, ఎవరికంటే పైన ఉన్నాను...”

“చాలు! అక్కే ఇచ్చింది నాకు. తన నోటితో తనే, ‘నువ్వే ఉంచుకోరా’ అంది.”

“ఇందాక నానమ్మది అన్నావుగా?”

“నానమ్మది అక్కకి, అక్కది నాకు! ఏదైతేనేం?”

“అయితే ఫోన్ చెయ్యి. అత్తయ్య ‘నేనే ఇచ్చాను’ అని ఒక్క మాట అంటే ఈ క్షణమే తిరిగి ఎక్కిస్తాను. పాత యజమాని మాటే చివరి మాట, సైటు రూలు.”

“చేస్తాను. నాకేం భయమా?”

“స్పీకర్లో పెట్టండి.”

“పెడతాను! నా అక్క నన్ను కాదంటుందా? నేనడిగితే ప్రాణమైనా ఇస్తుంది. ఎత్తదేం... ఆఁ, అక్కా! నేనే. బాగున్నావా? మరేం లేదు, చిన్న మాట. మన కుట్టుమిషను ఉంది చూడు, అది నువ్వే నాకు ఇచ్చావు కదూ? అవునను, చాలు.”

“ఏంట్రా? ఏమీ వినపడి చావట్లేదు. ఉండు, మిషను ఆపనీ... ఊఁ. మొన్న నువ్వు పంపించినప్పట్నుంచీ దీని ముందునుంచి లేవబుద్ధి కావట్లేదనుకో. ‘మీ తమ్ముడే పంపమన్నాడు వదినా, మొహం చెల్లక తను రాలేదు’ అంది మరదలు. ఎంత ఏడ్చానో తెలుసా? ఇన్నేళ్ళూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నానురా తమ్ముడూ... సరేగానీ, ఇందాక ఏదో అడిగావు. ఏంటది?”