చూడకుండా పెట్టిన చుక్క

హలో… ఆ, నేనేనండి, లోవమ్మని. దక్షిణామూర్తి సారేనా?… గొంతు బొంగురుపోతేనూ, పోల్చుకోలేకపోయానండి.

కాలేజీలోనే ఉన్నానండి, పెద్దాపురంలో. క్లాసైపోయింది, స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేరు… రేపు పొద్దున్నే ఆపరేషనంట కదండీ, అమ్మగారు చెప్పారు… లేదండి, ఏడవట్లేదు. జలుబు.

మీ కొత్త రీసెర్చ్ పేపరా?… చదివానండి… ఆ, బాగుంది… మొత్తం చదివాను.

చుక్కలా…

పెట్టానండి. ఒక్కో లైనూ సరిచూసుకున్నాకే పక్కన పెన్సిల్ చుక్క, చుక్క పెట్టకుండా కింది లైనుకి దిగకూడదు. ఎమ్మెస్సీ మాథ్స్‌లో మొదటిరోజే చెప్పారు కదా, ఎలా మర్చిపోతానండి.

ఆఖరి పేజీ దాకానా?…

సార్, ఇవన్నీ ఇప్పుడెందుకండీ. ఆపరేషనయ్యాక తీరుబడిగా… లేదు లేదు, అమ్మగారేం చెప్పొద్దనలేదు— అంటే… అన్నారండి.

తొమ్మిదో పేజీలో ఆగిపోయాను.

మీరెప్పుడో నిరూపించిన పాత లెమ్మా వాడారు చూడండి, అక్కడ… అదేనండి, లిమిట్లు రెండూ ముందూవెనకా చేసిన చోటు. ఆ సిరీస్ యూనిఫామ్‌గా కన్వర్జయితే అలా చెయ్యొచ్చు, కాకపోతే జవాబే మారిపోవచ్చు. అవ్వట్లేదండి… చూశాను. వారంబట్టీ అదే చూస్తున్నాను. మీ లెమ్మా తప్పయ్యే ఉదాహరణ కూడా దొరికింది… చెప్పమంటారా?… వద్దా. సరేనండి.

సార్… ఉన్నారా?

అవునండి. నా పీహెచ్‌డీ అంతా ఆ లెమ్మా మీదే నిలబడింది. ఈ ఉద్యోగం ఆ పీహెచ్‌డీ మీద… తెలుసండి.

పీహెచ్‌డీ చేసేప్పుడూ ఆ లెమ్మా పక్కన పెట్టాను చుక్క. చూడకుండా పెట్టేశాను. మీరు రాసింది కదా, మిమ్మల్ని నేను సరిచూడ్డమేంటి అనుకున్నాను… కాదు సార్, నన్ను చెప్పనివ్వండి. మా నాన్న చదువు మాన్పించేస్తానంటే మీరు పట్టిసీమ రేవుకొచ్చి, మా తడి పడవలో కూర్చుని పొద్దుగూకేదాకా బతిమాలారు. హాస్టల్లో నా పక్కన కూర్చుని ఎవరూ తినకపోతే అమ్మగారు మీ వంటింట్లో పీటేసి అన్నం పెట్టారు. అలాంటి మనిషి రాసిన లైన్ని అనుమానించడానికి నాకు చెయ్యి రాలేదండి. తప్పు అక్కడ జరిగింది.

ఏంటండి?… సరిగ్గా వినపడలేదు…

మీరు పోయేదాకా ఆగమంటారా?

అలాంటి మాటలనకండి… పాతికేళ్ళ కష్టం అది, తెలుసండి నాకు. మీరు కూర్చుని రాస్తుంటే పక్కనుండి చూసినదాన్ని కదా… నా గురించి బెంగపెట్టుకోకండి. ఉద్యోగంలోంచి తీసేస్తారో ఉంచుతారో తెలీదు. తీసేస్తే మా అమ్మ పక్కన కూర్చుని చేపలమ్ముకుంటాను.

లేదండి… ఆపడానికి లేదు.

ఆ లెమ్మా తప్పని పొద్దున్నే రాసేశాను. జర్నల్ వాళ్ళకీ, యూనివర్సిటీకీ.

…అవును, మీకు చెప్పే రాయాలి. చెప్తే మీరొద్దంటారు. మీరొద్దంటే నేను రాయలేనండి. అందుకే చెప్పలేదు… రేపటిదాకా ఆగుదామనే అనుకున్నాను. మిమ్మల్ని ఆసుపత్రి మంచం మీద చూస్తే ఇంక జన్మలో రాయలేనని భయమేసింది.

…

అనండి సార్. పడతాను… తిన్న ఇల్లేనండి, కాదనట్లేదు…

అమ్మగారు పక్కనే ఉన్నారా? విన్నారా?… ఏడుస్తున్నారా…

సార్, నేను ఫస్ట్ బస్సుకి బయల్దేరి ఏడింటికల్లా రాజమండ్రి వచ్చేస్తాను. మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళేలోపు ఒక్కసారి కాళ్ళకి…

రావొద్దా?

…

గదిలోకి రానండి. కింద ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చుంటాను. మీకు కనపడను, డాక్టరుగారు బయటికొచ్చి ఏమన్నారో విని వెళ్ళిపోతాను… అదీ వద్దా…

సరేనండి. మీ ఇష్టం… సార్, మరి ఎలా ఉందో ఎవర్నడిగి తెలుసుకో—

హలో?… హలో… సార్?