వరహాలు బిళ్ళ

విశాఖపట్నం, 1978. ఆసుపత్రి మేడమీద గది. నరాల డాక్టరు జ్ఞానశేఖర్, యూనివర్సిటీలో గణాంకాలు చెప్పే ప్రేమలీల, మాంగనీసు ఖనిజం ఓడలకెక్కించే యార్డులో గంపలు మోసే పైడితల్లి.

"సంతకం పెట్టనంటే ఎలాగండీ ప్రేమలీల గారూ? సాయంత్రం బండికి రిపోర్టు హైదరాబాదు వెళ్ళిపోవాలి."

"పెట్టనన్లేదు డాక్టరు గారూ. ఒక్క అరగంట ఆగమన్నాను. ఈవిడ..."

"అరగంట, అరగంట! పొద్దుట్నించీ అదే మాట. అరవై రెండు మందిని నా చేతుల్తో చూశాను. ఖనిజం దుమ్ము వల్ల నరాలకి ఏమీ కాదు. అంతే. వణుకున్న ఆ నలుగురూ తాగుబోతులు."

"తాగుబోతులని మీకెవరు చెప్పారు?"

"వాసన చెప్పింది."

"సరే. ఆ నలుగురూ పనిలో చేరి అయిదేళ్ళు కాలేదు. ఇరవయ్యేళ్ళు ఆ దుమ్ము మింగినవాళ్ళలో ఒక్కరికీ వణుకు లేదు. దుమ్ము తినేకొద్దీ మనిషి గట్టిపడతాడా? తప్పు నా లెక్కలోనైనా ఉండాలి, మీ పరీక్షలోనైనా ఉండాలి."

"నా పరీక్షలోనా! మీరెప్పుడైనా సుత్తి పట్టుకుని ఒక్క మోకాలు చూశారా?"

"లేదు. అందుకే యార్డు గేటు దగ్గర మూడ్రోజులు నిలబడ్డాను."

"లెక్కల మేడమ్ గారికి గేటు దగ్గరేం పని?"

"లోపలికెళ్ళేవాళ్ళని లెక్కపెట్టాను. సగం మంది ఆడవాళ్ళు. మన కాగితాల్లో ఆడమనిషి ఒక్కరూ లేరు. పైడితల్లమ్మా, చెప్పు."

"ఏటి సెప్పమంతావమ్మా! నాను ఎల్లిపోతాను. మేస్త్రి సూత్తే సంపేత్తాడు."

"కూర్చో అమ్మా, వచ్చావుగా. ఏం పని చేస్తావు నువ్వు?"

"గంప మోత్తాను బాబూ. వరహాలు గేటు బిళ్ళ మీద."

"వరహాలెవరు?"

"మా ఇంటాయన."

"ఆగాగు. వరహాలు, వరహాలు... ఇదిగో. పనిలో ఇరవై రెండేళ్ళు. కళ్ళు మూసుకుని ముక్కు మీద వేలు పెట్టమంటే గురి తప్పలేదు. ఆ పిక్కలు మీరు చూడాల్సింది ప్రేమలీల గారూ, ఉక్కు! రిపోర్టు మొదటి పేజీ అంతా అతని గురించే."

"ఆ పిక్కలు రిక్షా తొక్కినవి బాబూ."

"ఏమిటి?"

"మూడేళ్ళు మోసినాడు, నడుం పట్టీసింది. ఆడోళ్ళకి బిళ్ళలివ్వరు గదా, పోనీ నా బిళ్ళట్టుకుని నువ్వెల్లు అన్నాడు. నడుం బాగయింది గానీ ఆయన మళ్ళా రాలేదు. రిక్షా తొక్కుతన్నాడు. పందొమ్మిదేళ్ళ నుంచి నానే."

"గేటు దగ్గర అడగరా?"

"బిళ్ళ సూత్తారు. మొకం సూడరు."

"మరి నేను పరీక్షకి పిలిస్తే నువ్వెందుకు రాలేదు?"

"వరహాలూ అని పిల్సినారు బాబూ. వరహాలొచ్చినాడు. ఆ రోజు మగోళ్ళందరూ తానాలు సేసి, ఉతికిన సొక్కాలేసుకుని, పెళ్ళికెల్లినట్టు ఎల్లినారు."

"అందరూనా? ఎంతమంది ఇలాగ?"

"నాకేటి తెల్దు."

"పాతవాళ్ళ బిళ్ళలన్నీ పెళ్ళాల దగ్గరే ఉన్నాయి డాక్టరు గారూ. దుమ్ము దగ్గరికే వెళ్ళనివాళ్ళని చూసి, దుమ్ము వల్ల ఏమీ కాదని రాశాం."

"మీరు కాసేపు ఊరుకోండి. ఏమ్మా, ఇందులో నవ్వడానికేముంది?"

"నవ్వట్లేదు బాబూ."

"నా ఎదురుగా కూర్చుని పళ్ళికిలిస్తూ..."

"నాను నవ్వట్లేదు. అదే వొచ్చేత్తంది. మొన్న మా ఆడబిడ్డ మొగుడు పోయినాడు. శవం కాడ కూకుని నవ్వీసినాను. కడుపులో ఏడుపు బాబూ, మొకం మీద నవ్వు. జుట్టట్టుకుని బయటికి గెంటీసినారు. సిగ్గుతో సచ్చిపోనాను."

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ?"

"మొన్న వానల కాడ్నించి."

"ఎవరికీ చూపించుకోలేదా?"

"సూపించినాను. ఏం పని సేత్తావని డాక్టరడిగినాడు. బిళ్ళ పోద్దన్న బయంతో ఇంటికాడే ఉంతానన్నాను. మతి సెడిందని మాత్తర్లిచ్చి పంపీసినాడు."

"ఎవడా డాక్టరు?"

"నువ్వే బాబూ."

"నేనా? ఎప్పుడు? నాకు... గుర్తులేదు."

"అంత మందిలో నీకేటి గురుతుంతాది."

"తాగుతావా నువ్వు?"

"సీ! ఏటి బాబూ ఆ మాట!"

"తప్పే, తప్పే. లే. ఆ గోడదాకా నడు. ఊఁ. ఇటు తిరక్కు. అలాగే వెనక్కి రా. భయం లేదు, ఒక్కో అడుగూ... అయ్యో! పట్టుకోండి! ప్రేమలీల గారూ, పట్టుకోండి!"

"పట్టుకున్నాను, పట్టుకున్నానండీ. ఏమైంది ఈవిడకి?"

"ఏటీ నేదమ్మా. గంపతో ఎనక్కి అడుగేత్తే రోజూ పడతాను."

"మాంగనీసే. మాంగనీసే ఇది! ఆపుకోలేని నవ్వు, వెనక్కి అడుగేస్తే పడిపోవడం, పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలాగే. నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది ఈ మనిషి, మాత్రలిచ్చి పంపేశాను... ఛీ! ఆ కాగితాలిలా ఇవ్వండి."

"చింపకండి! ఎక్కడ తప్పామో అందులోనే రాసి, ఇద్దరం సంతకం పెడదాం."

"సాయంత్రం బండో?"

"పోనివ్వండి."

"పోనిద్దాం. అమ్మా, నువ్వింక ఆ దుమ్ములోకి వెళ్ళకూడదు. ఇంకెవరికుంది ఇలాగ? పేర్లు చెప్పు."

"సెప్పను. ఒకరి బిళ్ళ మీద ఇంకోరు పని సేత్తన్నారని తెలిసిపోతే ఊరుకుంతారేటి? బిళ్ళ లాగీసుకుంతారు. ఆళ్ళేటి తింతారు?"

"చెప్పకపోతే ఏడాది తిరిగేసరికి గంప కాదు కదా, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేరు."

"అదీ నిజిమే."

"పైడితల్లమ్మా, ఒకటి చేద్దాం. మా రిపోర్టులో పేర్లు అక్కర్లేదు. మనిషికో అంకె వేస్తాం. ఒకటో మనిషి, రెండో మనిషి అని. నువ్వు ఒకటి. మేస్త్రి తాత కూడా కనిపెట్టలేడు."

"పేరుండదా?"

"ఎక్కడా ఉండదు. భయపడకు."

"అయితే నూకాలికి అంకెయ్యమ్మా, తవిటమ్మకెయ్యి. సిన్నపిల్లల తల్లులు ఆళ్ళు. రేపు తీసుకొత్తాను. నాకొద్దు."

"అదేంటమ్మా? నీ బిళ్ళ మాత్రం పోదా?"

"పోతే పోనీ బాబూ. పందొమ్మిదేళ్ళు ఆయన పేరు మీద మోసినాను. రోగమైనా నా పేరు మీద రాయి."