మడుగు జోలికి పోవద్దు

జూరాల ఆనకట్టకు దిగువన, కృష్ణ ఒడ్డున చిన్న బెస్తవాడ. పెనిమిటి తిమ్మప్ప కనబడకుండా పోయిన నాటి నుంచి జములమ్మ వాకిట్లో కూర్చుని కూలికి పల్లికాయ ఒలుస్తున్నది. ఆ మధ్యాహ్నం తిమ్మప్ప చిన్నాయన, వాడకు పెద్దదిక్కు అయిన బాలరాజు వచ్చి ఎదురుగా బండ మీద కూర్చున్నాడు. ముసలాయన పని లేకుండా ఒకరి వాకిట్లోకి వచ్చే రకం కాదు.

"మడుగుల చాప లేదు మామా. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్త. లేదు."

"లేదని నువ్వంటున్నవు బిడ్డా. గేట్లు మూసిండ్రు, ఏరు సన్నబడ్డది, నీళ్లు తేటయినయి. ఇప్పుడు చాప మడుగుల దిగకపోతె బండల మీద ఎండకు పండుకుంటదా?"

"గుర్రంగడ్డ అవతలి పాయకు పోండ్రి."

"మోకాలెత్తు నీళ్లు ఆడ. వానల మొదట్ల, ఎర్రనీళ్లొచ్చినప్పుడు ఆ పాయకు ఎక్కుతది చాప. పత్తి పగిలే నాటికి ఏముంటది? పరక పిల్లలుంటయి."

"రామన్‌పాడు?"

"ఆ చెరువుకు వేరే బెస్తోళ్ల సంఘం ఉన్నది. మన పుట్టి నీళ్లల్ల పెట్టినమంటె కట్టెలు పట్టుకొని వస్తరు."

"అయితె సోమశిలకు పోండ్రి. నల్లమల గుట్టల దాక నీళ్లే నీళ్లు. అందరు మూటలు కట్టుకొని పొయ్యి, ఆడనే ఉండి, నాలుగు పైసలు చేసుకొని రండ్రి. ఆడ ఎవలు వద్దంటరు?"

"ఆడ సముద్రం దిక్కు నుంచి వచ్చినోళ్లు గుడిసెలేసుకొని ఉన్నరు బిడ్డా. వాళ్ల అలివి వల చూసినవా? ఒడ్డు నుంచి ఒడ్డుకు గుంజుతరు. వేలంత పిల్లను సుత ఇడవరు. మనం ఈ ఇసురు వలలు పట్టుకొని పోతె పండ్లికిలిస్తరు. ఇంకోటి, ఆడ చాప పడేది ఎండకాలం, నీళ్లు గుంజినప్పుడు. ఇప్పుడు గుట్టల నడుమ దాక నిండి ఉన్నది. అంత లోతుల ఏం పడ్తది మన వలకు?"

"మీకు బుద్ధి పుట్టాలె గని..."

"నువ్వు బెస్తోళ్ల ఇంట్ల పుట్టినదానివి. ఏ నెలల చాప యాడుంటదో నాకంటె నీకే బాగ ఎరుక. నాతోని ఎందుకు ఆడుకుంటవు?"

"ఆడుకుంటలేను మామా. మడుగుల బండలున్నయి. వలలు చినుగుతయి."

"చినిగితె కుట్టుకుంటం. నిరుడు కుట్టుకోలేదా?"

"నిరుడు వేరే."

"ఏం వేరే?"

"వేరే అంటున్న గద. మడుగు జోలికి పోవద్దు. గంతే."

"జములమ్మా, జర ఇను. నేను చాప కోసరమే వచ్చిననుకుంటున్నవా? తిమ్మప్ప పుట్టి ఖాళీగ దొరికింది యాడ? ఆ మడుగు అంచుకే గద. నాడు మనం పొయ్యేటాల్లకే గేట్లెత్తిరి. ఏరు నురగలు కక్కింది, ఎవలు దిగలేకపోయినం. ఇప్పుడు దిగొచ్చు."

"ఎందుకు దిగుడు? ఆయన నీళ్లల్ల లేడు. రాయచూరు పోయిండు."

"పుట్టి ఇడిచిపెట్టి?"

"తాగినోనికి పుట్టి యాదికుంటదా మామా? అలిగి పోయిండు. వస్తడు."

"ఇమ్మానుయేలు రాయచూరు పొయ్యి పత్తి మిల్లులన్ని తిరిగొచ్చిండు. ఎవలు చూడలేదన్నరు."

"అయితె బొంబాయి పోయి ఉంటడు."

"మొన్న రాయచూరు, ఇయాల బొంబాయి. రేపు ఏ ఊరి పేరు చెప్తవు బిడ్డా?"

"నా బొట్టు తుడవాలని మీ అందరికి అంత తొందర ఎందుకు మామా? ఆయన ఉన్నడో లేడో తెల్వకముందే చంపి పెడ్తుండ్రు. నువ్వు సుతనా? ఆయన నీ అన్న కొడుకు."

"గట్ల మాట్లాడకు. గట్ల మాట్లాడకు బిడ్డా. నాకు మాత్రం సంతోషమా? మనిషి నీళ్లల్ల ఉండంగ ఆ నీళ్లల్ల వల తడపొద్దు. నేను పెట్టిన కట్టు కాదది, మా తాతలు పెట్టింది. వాడల పొయ్యిలు ఎలుగుతలేవు. పెంటయ్య చిన్నదానికి జరం తగ్గుతలేదు. వాడు ఆగలేక మొన్న ఎగువకు పొయ్యి గంపెడు జెల్లలు పట్టి గద్వాల తీస్కపోయిండు. ఎవలన్న కొన్నరా? మనిషిని తిన్న చాప మాకొద్దన్నరు. ఆడోళ్లు ముక్కు మూసుకున్నరంట. గంప గంపే ఏట్ల బోర్లిచ్చి, ఇంటికొచ్చి పెండ్లాం ముందట ఏడ్చిండు."

"నేనేం చెయ్యాలె దానికి?"

"మడుగు దేవులాడనియ్యి. దొరికితె కాష్టం చేస్తం, దినాలు చేస్తం. ఏటికి మైల పోతది. దొరకకపోతె నువ్వన్నట్టే రాయచూర్ల ఉన్నడనుకుంటం. ఏదన్న ఒకటి తేలాలె గద."

"జర ఆగండ్రి."

"ఎందాక?"

"జరంత ఆగండ్రి మామా. మల్ల ఒక్కసారి గేట్లెత్తేదాక."

"ఎత్తితె?"

"నీళ్లు మారుతయి. కొత్త నీళ్లయితయి."

"పాతయి కొట్టకపోతయి. పాత నీళ్లతోని మడుగుల ఉన్నది సుత కొట్టకపోతది. అదే గద నువ్వనేది?"

"నేను గట్లన్ననా?"

"అనలే."

"అనలే గద. మల్ల నా నోట్ల ఎందుకు పెడ్తవు?"

"సౌందర్య ఎప్పుడొస్తది?"

"దాని ముచ్చట ఎందుకొచ్చె నడుమ?"

"ఊకె అడిగిన. కనబడ్తలేదని."

"బిజినేపల్లిల ఉన్నది, మా చెల్లె కాడ. పత్తి ఏరనీకి పోతున్నరంట ఇద్దరు."

"నాయిన కనబడకపోయిన తెల్లారే పోయింది."

"ఇంట్ల గింజ లేదు మామా. ఎదిగిన పిల్లను కూసోబెట్టి ఏం తినబెట్టాలె? కూలికి పోయింది. తప్పా?"

"తప్పని నేనన్ననా? మంచిగైంది. కొన్నొద్దులు ఆడనే ఉండనీ."

"ఎందుకట్లన్నవు?"

"ఊకె అన్న."

"నువ్వు ఊకె అనవు మామా. పొద్దటి నుంచి ఏందో మనసుల పెట్టుకొని తిరుగుతున్నవు. రంగమ్మత్త చెప్పింది, నువ్వు సద్ది తినలేదంట. ఏందో చెప్పు."

"పొద్దుగాల మడుగుల వల ఏసిన. ఏంది, కాయలన్ని చాట కింద పడ్తున్నయి బిడ్డా."

"ఎవలెవలు పోయిండ్రు?"

"నేనొక్కన్నే. ఎవలకు చెప్పలే."

"ఏం పడ్డది?"

"వాలుగలు పడ్డయి."

"వాలుగలా."

"ఇన్నేండ్ల నుంచి ఏట్ల ఉన్న. అంత బలిసిన వాలుగలు నేను చూడలే. అన్నిటిని ఇడిచిపెట్టిన. చెయ్యి పెట్టబుద్ధి కాలే."

"ఇంకేం పడ్డది మామా?"

"రెండోపారి వల బరువైంది. గుంజితె రాలే. బండకు తట్టిందేమో అని దిగిన."

"ఉన్నడా?"

"ఉన్నడు. ఉన్నడు బిడ్డా."

"ఊర్ల చెప్పినవా? పెంటయ్యకు చెప్పినవా?"

"నువ్వడిగే మొదటి మాట అదా జములమ్మా? ఎట్లున్నడని అడగవా?"

"అడగను. ఆయన ఎట్లుంటె నాకేంది? ఎవలకన్న చెప్పినవా లేదా?"

"చెప్పలే. మొఖం చూసి గుర్తుపట్టేటట్టు లేదు. మొలతాడుకు కట్టిన మల్దకల్ తాయెత్తు చూసి గుర్తుపట్టిన. నడుముకు ఇంకో తాడు సుత ఉండె. ఆ తాడుకు పుట్టి కొట్టకపోకుండ కట్టే రాయి. మొన్న అంత వరద పోయినా మనిషి ఎందుకు కదల్లేదో అప్పుడు తెలిసింది నాకు."

"తనే కట్టుకున్నడేమో. బతుకు మీద రోసి..."

"తిమ్మప్పా? బతుకు మీద రోసినోడు ముందటి దినం రెండు సీసాలు తెచ్చుకుంటడా? సరే, కట్టుకున్నడే అనుకో. ముడి వీపు దిక్కు ఉన్నది. తన వీపు మీద తాను ఎట్ల ముడేసుకుంటడు? నీ నోట ఇందామని వచ్చిన. మడుగుల దిగమంటవా, వద్దంటవా, చూద్దామని వచ్చిన."

"నేనే."

"ఏంది?"

"నేనే కట్టిన మామా. తాగి పుట్టిల మైమరిచి పండుకున్నడు. రాయి కట్టి నూకిన. పాపమనిపియ్యలే. ఇప్పుడు సుత అనిపిస్తలేదు. పో, పోలీసోళ్లను పిలుచుకరా. నేనే అని చెప్త."

"ఎప్పుడు నూకినవు?"

"ఆ దినమే. పొద్దుగూకేటాల్లకు."

"ఆ దినం నువ్వు మంచం దిగినవా?"

"దిగిన."

"ముందటి రాత్రే నీ పక్కబొక్కలు ఇరగ్గొట్టిండు. మా రంగమ్మ వచ్చి పసుపు పట్టేసి, నోట్ల గంజి పోసింది. చెంబు లేపలేనిదానివి, రాయి లేపినవా?"

"కోపంల బలమొస్తది మామా. లేపిన. లేపిన అని చెప్తున్న గద!"

"మన వాడల సగం వలలకు గుండ్లు కట్టింది నీ చెయ్యే. నీ ముడి కండ్లు మూసుకొని తడిమినా తెలుస్తది నాకు. అది నీ ముడి కాదు."

"నాదే!"

"మెల్లగ. గోడవతల మనుషులున్నరు."

"నాదే మామా. నీ కాళ్లు పట్టుకుంట. నాదే అను. పోలీసోళ్లడిగినా, సంఘపోళ్లడిగినా, దేవుడొచ్చి అడిగినా నాదే అను. నాకేమైతది? జైల్ల పెడ్తె పెట్టనీ. ఈ ఇంటి కంటె అదే నయం. నాదే అను మామా."

"లే. పక్కబొక్కలు నొస్తయి. లే బిడ్డా, కాళ్లిడువు."

"ఆ ముడి ఎవలన్న చూస్తె..."

"ఎవలు చూడరు. కోసి తెచ్చి మా పొయ్యిల పెట్టిన. తడి తాడు గద, కాలనీకి శానసేపు పట్టింది. రంగమ్మ ఏం పొగ అని అడిగితె పాత వల అని చెప్పిన. రాయిని నడి ఏట్ల ఏసిన. మనిషిని ఒడ్డెంబడి జమ్ము గడ్డిలకు నూకిన. రేపు పొద్దుగాల పెంటయ్యను తోలుక పోత. వాని కంటికే పడాలె. నా కంటికి కాదు."

"పోలీసోళ్లొస్తరు."

"వస్తరు. తాగి ఏట్ల పడ్డడని నేను చెప్త. నేను చెప్తె మన వాడ అంత అదే అంటది. తిమ్మప్ప తాగి పడ్డడంటె ఎవలు నమ్మరు? ఎన్నిసార్లు పడలేదు వాడు?"

"నీ అన్న కొడుకు గద మామా. వానికి ఈత నేర్పింది సుత నువ్వే అంటరు."

"నేనే నేర్పిన. ఇగో ఈ చేతుల మీద పండబెట్టుకొని నేర్పిన. పొద్దుగాల ఆ చేతులతోనే జమ్ముల్లకు నూకిన. నా కడుపుల ఏముందో అడగకు."

"అడగను."

"వాడు నిన్ను కొట్టినప్పుడల్లా గోడవతల నేనున్న. ప్రతి దెబ్బ ఇన్న. ఆలుమొగల పంచాది, మనకెందుకని ముసుగు తన్ని పండుకున్న. నేను ఒక్కనాడు లేచి వచ్చి వాని చెయ్యి పట్టుకుంటె, ఇంకొకలు ఆ తాడు పట్టుకోకపోదురు."

"మామా..."

"ఏడువు. ఇప్పుడు నా ముందట ఎంత ఏడుస్తవో ఏడువు. రేపు అందరి ముందట పెనిమిటి పోయినదాని లెక్క ఏడ్వాలె. ఈ ఏడుపు వేరే, ఆ ఏడుపు వేరే. మనుషులు పసిగడ్తరు."

"నాకు చాతనైతదా?"

"చాతనైతది. నీ పెండ్లి దినం యాదికి తెచ్చుకో. ఏడుపు అదే వస్తది."

"మల్ల వలలు?"

"దినాలైనంక ఏస్తరు. పెంటయ్య ఏస్తడు, ఇమ్మానుయేలు ఏస్తడు. మడుగుల మస్తు చాప పడ్తది ఈ ఏడు. నేను మాత్రం ఆ చాప నోట్ల పెట్టను."

"నేనేం చెయ్యాలె మామా? నాకేం తోస్తలేదు. నువ్వు చెప్పు, గట్లనే చేస్త."

"ముందుగాల ఆ కాయలన్ని చాటలకు ఎత్తు. ఎవలన్న వస్తె ఏందిదని అడుగుతరు. రేపు పెంటయ్య కేకేసేదాక గడప దాటకు. అటెన్క బిజినేపల్లికి కబురు పంపు."

"ఏమని?"

"నాయిన నీళ్లల్ల పడి పోయిండు, దినాలకు రమ్మని. ఇంకొకటి, ఇది ఎవల చేతనో చెప్పిచ్చేది కాదు. పిల్ల ఇంటికొచ్చినంక తలుపేసి, నువ్వే చెప్పాలె. మన వాడల ఎడమచేత్తోని ముడేసేది అదొక్కతే బిడ్డా. ఇగ నుంచి కుడిచేత్తోని వేసుడు నేర్చుకొమ్మను."