చివరి అంకె

సొంత అచ్చాఫీసులో గది తలుపు మూసి, అక్క చేతిలోని పుస్తకాన్ని బల్ల మీదికి విసిరింది. ఆ పుస్తకం అట్ట తయారుచేసిన తమ్ముడు తలెత్తి చూశాడు.

“అమ్మ రాసిన కాన్పుల పుస్తకం షాపులో ఎక్కడ దొరికిందో తెలుసా? గేదెల పెంపకం అరలో! వెనకట్ట మీదున్న పదమూడంకెల ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే ఎవరిదో గేదెల పుస్తకం వస్తోంది.”

“అట్ట మీద పెట్టేటప్పుడు ఆ నంబరుని కంప్యూటరు ఒప్పుకుందక్కా!”

“మొదటిసారే ఒప్పుకుందా?”

“లేదు, తప్పంది. చివరంకె మారుస్తూ పోయాను. ఏడు పెట్టగానే ఊరుకుంది.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందున్న పన్నెండు అంకెల్నీ ఒకదాన్ని ఒకటితో, తర్వాతదాన్ని మూడుతో గుణిస్తూ కూడతారు. ఆ మొత్తం పదితో సరిగ్గా పోయేలా చివరంకె కలుపుతారు. అది కాపలా కుక్కరా! మొరిగితే దొంగని వెతకాలి గానీ, దాని నోరు కట్టేస్తావా? ఇదిగో దొంగ. మధ్యలో మూడుకి బదులు ఎనిమిది కొట్టావు.”

“అమ్మకి తెలుసా?”

“షాపుకెళ్ళి తన పుస్తకం తనే అడిగింది. అలాంటిది లేదు పొమ్మన్నారట.”

“ఏమంది?”

“నిన్నేమీ అనొద్దంది. అందుకే తలుపు మూసి తిడుతున్నా.”